స్వామి పడుకున్న నాలుగు నెలలు

ఆషాఢ శుద్ధ ఏకాదశి నాడు విష్ణుమూర్తి పాలసముద్రంలో పడుకుంటాడు. కార్తీక శుద్ధ ఏకాదశికి లేస్తాడు. మధ్యలో నాలుగు నెలలు యోగనిద్ర. మన దగ్గర వాన కురిసేదీ, వాగులు పొర్లేదీ, వరినాట్లు పడేదీ, పాములు ఇళ్లలోకొచ్చేదీ ఈ నాలుగు నెలల్లోనే. సృష్టి బ్రహ్మకు, లయ శివుడికి, స్థితి విష్ణువుకు అని పంపకాలు జరిగాక, స్థితికి పూచీపడ్డవాడు సరిగ్గా పని మీదపడే రోజుల్లో కన్ను మూయడమేమిటన్న అనుమానం ఎవరికైనా రావాలి. భద్రాచలంలో కాపురమున్నవాళ్లకు ఇంకాస్త గట్టిగా వస్తుంది. 2022లో తొలి ఏకాదశి జులై 10న పడింది. జులై 16 నాటికి ఇక్కడ గోదావరి 71.3 అడుగులు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. నాలుగో హెచ్చరిక అంటూ లేదు, ఆపైన హెచ్చరించి చేసేదేమీ ఉండదు గనక. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. స్వామి నిద్రకు అప్పటికి వారం కూడా నిండలేదు.

నేను ఖమ్మంలో పుట్టి భద్రాచలం కోడలినయ్యాను. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఎమ్మెస్సీ మాత్రం వాల్తేరులో, మేనమామ ఇంట్లో ఉండి చదివాను. సముద్రపు నీటిలో తేలే, కంటికి ఆనని మొక్కల మీద మోజు అక్కడే పుట్టింది. మన పుస్తకాల్లో వాటిని వృక్ష ప్లవకాలు అంటారు. అడవి అంచున, సముద్రానికి ఇంత దూరాన కూర్చుని వాటి గురించి ఆలోచించడం వింతగానే ఉంటుంది. కానీ మా స్నానఘట్టాల ముందు నుంచి పారే నీరు పాపికొండలు దాటి, ధవళేశ్వరం దాటి, యానాం వైపూ అంతర్వేది వైపూ చీలి చివరికి చేరేది వాటి దగ్గరికే. స్వామి నిద్ర గురించి నాకున్న అనుమానానికి సగం జవాబు అవి ఇచ్చాయి. మిగతా సగం ఇవ్వలేదు. ఆ రెండు సగాల గురించీ చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ముందు ఒక కుర్రాడి సంగతి. కూనవరం అవతలి గూడెం నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే కోయ పిల్లవాడు. కార్తీకంలో నీరు తేటపడ్డాక గోదావరి నుంచి తెచ్చిన చుక్కను మైక్రోస్కోపు కింద పెట్టి, ఒక్కొక్కరినీ పిలిచి చూపిస్తున్నాను. నావిక్యులా, సైనెడ్రా, పీడియాస్ట్రమ్, సెనిడెస్మస్ అని పేర్లు చెబుతుంటే మిగతా పిల్లలు రికార్డుల్లో బొమ్మలు వేసుకున్నారు. వీడు కన్ను తియ్యడు. వెనక వరసవాళ్లు గొణుగుతున్నా తియ్యడు. చివరికి, “మేడమ్, ఇవన్నీ తినేది ఒకటే గదా? అవే నీళ్లు, అదే ఎండ. మరి ఇన్ని రకాలెట్ల బతుకుతున్నయ్? ఏదో ఒకటి గెలిచి మిగిలినవి పోవాలె గదా?” అన్నాడు.

వాడికి తెలియదు, ఆ ప్రశ్నను 1961లో ఇవ్లిన్ హచిన్సన్ అనే పెద్దాయన అడిగాడని, జీవావరణ శాస్త్రంలో సగం మంది ఇప్పటికీ దానికి జవాబు రాస్తున్నారని. దాని పేరు ప్లవకాల విరోధాభాస. 1934లో గౌజ్ అనే రష్యన్ యువకుడు రెండు రకాల పారమీసియంలను ఒకే గొట్టంలో, ఒకే తిండి మీద పెంచి చూశాడు. కొన్నాళ్లకు ఒకటే మిగిలింది. ఒకే వనరు మీద బతికే రెండు జాతులు ఎల్లకాలం కలిసి ఉండలేవన్న సూత్రం అలా స్థిరపడింది. సరే, మరి సముద్రం సంగతేమిటి? అక్కడ గోడల్లేవు, గుంటల్లేవు, దాక్కోవడానికి పొదల్లేవు. వెలుతురు, నత్రజని, భాస్వరం, ఇనుము, సిలికా వంటి నాలుగైదు సరుకుల కోసమే అందరి పోటీ. సూత్రం ప్రకారం నాలుగైదు జాతులు మిగలాలి. ఉన్నవేమో పేర్లు పెట్టినంత వరకే వేలు.

హచిన్సన్ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఇంగ్లండులో పుట్టి అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో జీవితమంతా పాఠం చెప్పిన మనిషి. 1932లో మన లదాఖ్ సరస్సుల దగ్గరికి వచ్చి నీళ్లు, పురుగులు పరిశీలించి వెళ్లాడు. విరోధాభాస వ్యాసానికి రెండేళ్ల ముందు ఇంకో వ్యాసం రాశాడు. సిసిలీ ద్వీపంలో పాలెర్మో దగ్గర కొండగుహలో శాంతా రొసాలియా అనే పుణ్యవతి గుడి ఉంది. ఆ గుడి కింద చిన్న కుంట. ఆ కుంటలో ఆయనకు రెండు రకాల నీటిపురుగులు కనిపించాయి. రెండే ఎందుకు, ఇరవై ఎందుకు కాదు, రెండు వందలెందుకు కాదు అని అక్కడ మొదలుపెట్టి, లోకంలో ఇన్ని రకాల జంతువులెందుకున్నాయన్న దాకా వెళ్లాడు. పరిణామశాస్త్రం చదివేవాళ్లకు ఆ రొసాలియమ్మను ఇలవేల్పుగా చేసుకోవచ్చని సగం సరదాగా ప్రతిపాదించాడు కూడా. గుడి కింద నీటి దగ్గర నిలబడి ఇలాంటి ప్రశ్న అడగాలంటే మా ఊరికంటే మంచి చోటు ఏముంటుందని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఇక్కడ నీళ్లలో మునిగేవాళ్లే గానీ నీళ్లలోకి చూసేవాళ్లు తక్కువ.

అనేకం గురించి మనవాళ్లు అడగలేదని కాదు. అడిగినంతగా ఎవరూ అడగలేదేమో కూడా. ఉన్నదొకటే, అనేకం అనిపించడం అవిద్య అన్నారు అద్వైతులు. అనేకం నిజమే, అదంతా ఈశ్వరుడికి శరీరం అన్నారు రామానుజుల వారు. మా అత్తవారిది ఆ సంప్రదాయమే. మధ్వాచార్యులైతే ఇంకా ముందుకెళ్లి, జీవుడికీ జీవుడికీ, జడానికీ జడానికీ కూడా భేదం ఉందని, అది ఎన్నటికీ చెరగదని ఐదు భేదాలు లెక్కగట్టి చెప్పారు. శతాబ్దాల పాటు ఈ తగువు నడిచింది. అయితే తగువంతా అనేకం నిజమా కాదా అన్నదాని మీదే. అది ఎలా వచ్చిందో చెప్పడానికి సృష్టి కథలున్నాయి. ఎలా పోతుందో చెప్పడానికి ప్రళయ వర్ణనలున్నాయి. వచ్చిన అనేకం రేపటికి ఒక్కటైపోకుండా ఎలా నిలుస్తోందన్న ప్రశ్న మాత్రం మధ్యలో జారిపోయింది. స్థితి అనగానే విష్ణువు చూసుకుంటాడని వదిలేశాం. నిలబడి ఉండటానికి కారణం అక్కర్లేదని, పడిపోతేనే కారణం వెతకాలని అనుకున్నట్టున్నాం. కుర్రాడి ప్రశ్న ఆ జారిపోయిన చోట పడింది. అది సృష్టిని గురించిన ప్రశ్న కాదు, స్థితిని గురించినది.

హచిన్సన్ చెప్పిన జవాబుల్లో ముఖ్యమైనది వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. పోటీ తేలడానికి కొంత కాలం పడుతుంది. ఆ కాలం గడిచేలోపే నీటి పరిస్థితి మారిపోతే పోటీ తేలదు. గెలవబోతున్నది ఆగిపోతుంది, ఓడిపోబోతున్నది ఊపిరి పీల్చుకుంటుంది. ప్లవకం ఒకటి రెండు కావడానికి ఒక రోజో రెండు రోజులో చాలు, ఒక జాతి ఇంకోదాన్ని పూర్తిగా నెట్టెయ్యడానికి వారాలు పడుతుంది. ఆ వారాల్లోనే గాలి మళ్లుతుంది, వాన పడుతుంది, ప్రవాహం దిక్కు మారుతుంది. అంటే ఋతువు ఎవరి గెలుపునూ పూర్తి కానివ్వదు.

దీన్ని కళ్లతో చూడాలంటే విశాఖ తీరం మంచి చోటు. 1952లో యూజీన్ లఫాండ్ అనే అమెరికన్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి సముద్ర పరిశోధనకు పాదు వేశాడు. ఆ రోజుల్లోనే జంతుశాస్త్ర ఆచార్యులు పి.ఎన్. గణపతి, ఆయన శిష్యుడు డి.వి. సుబ్బారావు లాసన్స్ బే దగ్గర ప్లవకాలను నెలనెలా తీసి లెక్కపెట్టారు. మాకు సీనియర్లు ఆ వ్యాసాలనే చేతికిచ్చి చదవమనేవాళ్లు. అందులోని సముద్రానికి మా కార్తెల్లాగే ఒక వరస ఉంది. శివరాత్రి దాటాక గాలి నైరుతి నుంచి మొదలై తీరం వెంట ప్రవాహం ఉత్తరానికి సాగుతుంది. పైనీరు ఒడ్డు నుంచి తొలగుతుంది, అడుగు నుంచి చల్లని ఉప్పునీరు ఎగదన్నుకొస్తుంది. ఆ నీటిలో ఏళ్ల తరబడి కిందికి రాలిన ఎరువంతా ఉంటుంది. అప్పుడు డయాటమ్‌లు పొంగుతాయి. కీటోసెరాస్, స్కెలిటోనీమా, థలాసియోసైరా వంటివి. గాజు పెంకుల్లో బతికే ఈ జీవులు తిండి దొరికితే అందరికంటే వేగంగా పెరుగుతాయి. తిండి అయిపోగానే బరువెక్కి మునిగిపోతాయి. గాలి పడిపోయి నీరు కదలకుండా ఉన్నప్పుడు కొరడాల్లాంటి తంతువులతో ఈదగలిగిన డైనోఫ్లాజెల్లేట్లకు రోజులొస్తాయి, అవి వెలుతురు కోసం పైకీ ఎరువు కోసం కిందికీ తిరగగలవు గనక. నీటిలో నత్రజని బొత్తిగా నిండుకుని, ఎండ మండిపోతూ, అల ఆడకుండా ఉంటే ట్రైకోడెస్మియం లేస్తుంది. అది గాలిలోని నత్రజనినే పట్టుకోగలదు. నీటి మీద గోధుమ రంగు తెట్టుగా అది తేలుతుంటే నావికులు సముద్రపు రంపపు పొట్టు అనేవారు. దసరాలు దాటాక ప్రవాహం దక్షిణానికి తిరుగుతుంది, ఉత్తరాది నదుల చప్పనీరు తీరం వెంట దిగుతుంది, ఇంకో జట్టు వస్తుంది. స్పెయిన్‌కు చెందిన రామోన్ మర్గలెఫ్ అనే శాస్త్రవేత్త 1970లలో ఈ వంతులన్నిటినీ ఒక పటంగా గీశాడు. ఒక వైపు ఎరువు, ఇంకో వైపు నీటి కలత, మధ్యలో ఎవరి కాలం ఎక్కడో. ఆ పటానికి ఆయన పెట్టిన పేరు మండల.

నన్ను బాగా కదిలించిన విషయం మాత్రం ఇది కాదు. పొంగు వచ్చినప్పుడు సముద్రంలో పచ్చదనం ఎక్కువగా ఉంటుంది, రకాలు మాత్రం తక్కువగా ఉంటాయి. ప్రపంచ సముద్రాల లెక్కలు చేర్చి 2004లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన వ్యాసం చెప్పింది అదే. రకాలు ఎక్కువగా ఉండేది పొంగులోనూ కాదు, కరువులోనూ కాదు, మధ్యస్థంగా ఉన్నప్పుడు. పొంగు అంటే ఒకటో రెండో జాతులు గెలుస్తున్న దశ. మనం పూజలో అడిగేదంతా పొంగే కదా. ధనధాన్య సమృద్ధి, వంశాభివృద్ధి, శత్రునాశనం. ఆ కోరికలన్నీ ఒక్కసారి, ఒక్కరికే, ఆగకుండా తీరితే మిగిలేది ఒకటే రకం. మన పురాణాలు దీన్ని ఎరిగినవే. వరాలు పొంది మూడు లోకాలూ గెలిచేసినవాడి కోసమే ఎప్పుడూ అవతారం దిగుతుంది, ఓడినవాడి కోసం కాదు. సముద్రంలో ఆ పని చేసేవి వైరస్‌లు. ఏ జాతి బాగా పెరిగితే దానికే అంటువ్యాధి సులువుగా తగులుతుంది. నార్వే శాస్త్రవేత్త థింగ్‌స్టాడ్ ఈ ఊహకు గెలిచినవాణ్ని చంపు అనే పేరు పెట్టాడు. మా నరసింహస్వామికి కోపం రాదనుకుంటాను.

ఋతువే అంతా అనడం కూడా సరికాదు. 1999లో నెదర్లాండ్స్‌కు చెందిన ఇద్దరు, పరిస్థితులేవీ మారకపోయినా మూడో అంతకు మించో వనరుల కోసం పోటీ జరిగితే, జాతుల సంఖ్యలు తమంతట తామే ఎగిసిపడుతూ ఎవరూ పూర్తిగా గెలవకుండా ఉండవచ్చని గణితంతో చూపించారు. కలత బయటి నుంచే రానక్కర్లేదు, లోపలే ఉంటుందన్నమాట. వేదాంతులు దీన్ని వింటే ఉబ్బిపోతారు. నేను మటుకు ఋతువు పక్షమే, కారణం బహుశా నేను గోదావరి ఒడ్డున ఉండటమే.

ఇక గోదావరి. ఆషాఢంలో ఎర్రనీళ్లు వస్తాయి. నాసిక్ కొండల నుంచి ఇక్కడిదాకా దారిలో ఉన్న నల్లరాతి నేలలనూ, ప్రాణహిత, ఇంద్రావతి మోసుకొచ్చిన అడవి మట్టినీ కలుపుకుని వస్తాయి. రాయి అరిగి కరిగితే అందులోంచి సిలికా వస్తుంది. డయాటమ్ గాజు ఇల్లు కట్టుకునేది దానితోనే. ఎరువూ ఇటుకలూ పంపుతున్నాం గనక వానాకాలంలో నదీముఖం పచ్చగా పొంగాలి. అలా జరగదు. విశాఖలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రంవాళ్లు గోదావరి ముఖద్వారంలో చూసినదేమిటంటే, వరద ఉధృతిలో నీరు బురదబురదగా ఉండి వెలుతురు లోపలికి దిగదు, తిండి నిండుగా ఉన్నా ప్లవకాలు పెరగలేవు. వరద తగ్గి, మట్టి దిగి, నీరు తేటపడ్డాక పెరుగుదల అందుకుంటుంది. బయట సముద్రంలో ఇంకో చిక్కు. బంగాళాఖాతంలోకి ఇన్ని నదులు ఇంత మంచినీరు పోస్తాయి గదా, అది ఉప్పునీటికంటే తేలిక గనక పైనే పొరగా పరుచుకుంటుంది. అడుగునున్న ఎరువు ఆ పొరను చీల్చుకుని పైకి రాలేదు. అరేబియా సముద్రం మీద వీచినంత గాలి ఇక్కడ వీయదు, పైగా మబ్బు. అందుకే బంగాళాఖాతం అరేబియా సముద్రమంత పచ్చన కాదు. గోదావరి ఒక చేత్తో వడ్డిస్తూ ఇంకో చేత్తో మూత పెడుతుంది.

ఆ మూత తీసేది ఎవరు? క్షీరాబ్ది ద్వాదశి నాడు, అంటే స్వామి లేచిన మర్నాడు, మనం తులసి కోటలో ఉసిరి కొమ్మ నాటి పాలసముద్రాన్ని చిలికిన రోజని పూజ చేస్తాం. బంగాళాఖాతాన్ని నిజంగా చిలికేవి ఆ రోజుల్లో వచ్చే తుపానులే. అవి పైపొరను చించి అడుగు నీటిని కలిపేస్తాయి. తుపాను వెళ్లిన కొన్ని రోజులకు ఆ దారి వెంట సముద్రం పచ్చబడుతుంది. 1999 అక్టోబరు చివర ఒడిశాను కొట్టిన పెనుతుపాను తర్వాత, అదే ఏడాది మేలో మనవాళ్లు పంపిన ఓషన్‌శాట్ ఉపగ్రహానికి ఆ పచ్చదనం కనిపించింది. అమృతం ముందు హాలాహలం వచ్చిందన్న కథకు ఇంత దగ్గరి సాక్ష్యం ఇంకొకటి నాకు తెలియదు.

ఈ వాక్యం దగ్గర ఆగిపోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. చాలా ప్రవచనాలు ఇక్కడే ఆగిపోతాయి కూడా. విధ్వంసంలోంచే వైవిధ్యం, అంతా ఆయన లీల, అంతా మంచికే అని. నాకది మింగుడుపడదు. 1999 తుపానులో మనుషులు వేలల్లో పోయారు. అంతకు ముందు 1977 నవంబరు 19న, కార్తీక మాసంలోనే, దివిసీమలో ఉప్పెన వచ్చి సుమారు 10 వేల మందిని తీసుకుపోయింది. 1986 ఆగస్టు 16న మా దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది, అది ఇప్పటికీ దాటని లెక్క. 2022లో గోదావరి నిండి శబరిని ఎగదన్నితే కూనవరం, వీఆర్ పురం, చింతూరు మండలాల ఊళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నేను కరకట్ట లోపల, మేడ మీద ఉన్న మనిషిని. తడిసిన వడ్లు మొలకెత్తిన వాసన కింది ఊళ్లవాళ్లకు తెలుసు, నాకు తెలియదు. ఆ ఊరికి వెళ్లి, మీ ఇల్లు పోయింది గానీ యానాం అవతల డయాటమ్‌లకు సిలికా చేరిందని చెప్పే నోరు నాకు లేదు. అలా చెప్పే దేవుడైతే ఆ దేవుడూ నాకొద్దు. ఒకరి నష్టాన్ని ఇంకొకరి ఖాతాలో జమకట్టి లెక్క సరిపోయిందనే గుమస్తాకు హారతెందుకు?

కాబట్టి నా వరకు ఈ సంగతి రెండు ముక్కలుగా ఉంటుంది, అతకను. ఋతువు వల్ల అనేకం నిలుస్తుంది. ఇది నిజం. ఋతువు మనుషుల్ని ముంచుతుంది. ఇదీ నిజమే, మొదటిది దీనికి సమర్థన కాదు. గీతలో కృష్ణుడు తాను మాసాల్లో మార్గశిరాన్నని, ఋతువుల్లో వసంతాన్నని చెప్పుకున్నాడు. మార్గశిరం బాగానే ఉంటుంది, నీళ్లు తేటగా, పంట ఇంటికొచ్చి, చలి మొదలై. శ్రావణాన్ని ఎవరికి వదిలేశాడని మా అత్తగారిని అడిగాను.

ఆవిడ చాతుర్మాస్య వ్రతం పట్టేది. శ్రావణంలో కూరగాయలు, భాద్రపదంలో పెరుగు, ఆశ్వయుజంలో పాలు, కార్తీకంలో పప్పుదినుసులు మానెయ్యాలి. మడి కట్టుకుని వంటింట్లో ఉన్న మనిషి వెనక్కి తిరక్కుండానే, “ఆయన పడుకున్నాడు గనకే మనం నోరు కట్టుకోవాలమ్మాయ్. చూసేవాడు లేనప్పుడు కూడా తినేస్తే ఇంకేముంది?” అంది. అప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు ఆ మాటను ఇంకోలా చూస్తున్నాను. ఆవిడ ప్రకారం యోగనిద్ర అంటే స్వామి పని మానుకోవడం కాదు, పనిని మనకు అప్పగించడం. కాపాడేవాడి కన్ను మీదలేని నాలుగు నెలలు, ఒక్కో నెల ఒక్కోదాన్ని తినకుండా వదిలెయ్యాలి. ఏదీ ఎల్లకాలం మానక్కర్లేదు, ఏదీ ఎల్లకాలం తినకూడదు.

గోదావరి అవతలి గూడేల్లో ఇదే పని ఇంకో పేరుతో, నా లెక్కన ఇంకా పట్టుగా, జరుగుతుంది. కోయవాళ్లకు ప్రతి కొత్తకూ ఒక పండుగ. కొత్త వడ్లయినా, మామిడి అయినా వేల్పుకు పెట్టి కొత్తల పండుగ చేసేదాకా నోట పెట్టరు. అందరికంటే ముందు కోసుకుందామన్న ఆత్రానికి దానితో అడ్డు పడుతుంది, కాయ ముదురుతుంది, గింజ నేలకు రాలుతుంది, పిట్టకూ పందికీ వాటా అందుతుంది. ఫాల్గుణ చైత్రాల్లో ఇప్పపువ్వు, వేసవి ముదిరాక తునికాకు, తొలకరికి విత్తనాల పండుగ. ఏడాదంతా ఒకటే పని, ఒకటే తిండి అన్నది వాళ్ల పాత లెక్కలో లేదు.

మా అత్తగారు గూడెం తిండి ముట్టేది కాదు. గూడెంవాళ్లకు ఆవిడ మడి నవ్వులాట. ఇద్దరూ చేసింది మాత్రం ఒకటే. ఋతువు బయటి నుంచి వచ్చి ఆపకముందే తమను తామే ఆపుకున్నారు. గీతాభాష్యాల్లో దొరకని జవాబు నాకు ఈ వంటింటి పట్టికలోనూ ఆ కొత్తల పండుగలోనూ దొరికింది. ప్లవకానికి ఆ పని చెయ్యడం చేతకాదు, దానికి గాలో వరదో వైరసో రావాలి. మనిషికి చేతనవును. ధర్మం అంటే ఇంతకు మించి ఏదైనా ఉందేమో నాకు తెలియదు గానీ ఇంత మాత్రం ఉంది.

చేతనయినా చెయ్యకపోతే ఏమవుతుందో చూడటానికి సముద్రం దాకా పోనక్కర్లేదు. బూర్గంపాడు నుంచి అశ్వాపురం వైపు బస్సులో వెళ్తే చాలు. నల్లమద్ది, ఏగిస, తునికి, ఇప్ప, సారపప్పు చెట్టు కలగలిసి ఉండే అడవి ఒక పక్క, జామాయిల్ తోట ఒక పక్క. సారపాక కాగితం మిల్లు కోసం పెంచే ఈ జామాయిల్‌లో చాలా భాగం క్లోన్ మొక్క, అంటే తోట తోటంతా ఒకే తల్లి. రైతును తప్పుపట్టను, నాలుగేళ్లకు చేతికొచ్చే నమ్మకమైన డబ్బు అది. కానీ గౌజ్ గాజు గొట్టం ఎలా ఉంటుందో పిల్లలకు చూపించాలంటే నేను ఆ తోటే చూపిస్తాను. అక్కడ పోటీ తేలిపోయింది. చెట్లన్నీ ఒకే ఎత్తు, కింద గడ్డి కూడా పలచన. ఋతువు వచ్చిపోతుంది, ఆ తోటలో దానికి చెప్పడానికేమీ ఉండదు.

సముద్రంలో కూడా ఋతువుల జోరు తగ్గే సూచనలున్నాయి. పైనీరు వేడెక్కేకొద్దీ అడుగు నీటితో కలవడం కష్టమవుతుంది, మూత బిగుసుకుంటుంది. పశ్చిమ హిందూ మహాసముద్రంలో ఆరు దశాబ్దాల్లో వృక్ష ప్లవకాలు 20 శాతం వరకు తగ్గాయని పుణే ఉష్ణమండల వాతావరణ సంస్థకు చెందిన రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2016లో చెప్పింది. భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం ఈ కంటికి కనిపించని మొక్కలదే. మొత్తం మొక్కల బరువులో వీటి వాటా ఒక శాతం కూడా ఉండదు. ఆ తగ్గుదలకు శాంతి చేయించే పురోహితుడు ఎక్కడున్నాడో తెలియదు గానీ, ఏడాది పొడుగునా అన్నీ కావాలనే మన వంటింటికీ దానికీ సంబంధం లేదని నన్ను ఎవరూ ఒప్పించలేరు.

కోయ కుర్రాడికి ఆ రోజు ఇంత జవాబు చెప్పలేదు, గంట కొట్టారు. తర్వాత వాడు అటవీశాఖలో చేరాడని విన్నాను.

భద్రాచలం, బూర్గంపాడు, కూనవరం, చింతూరు కాలేజీల్లో జీవశాస్త్రం చెప్పే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక్క మాట. మీ గదిలో పనిచేసే మైక్రోస్కోపు ఒక్కటి ఉన్నా చాలు. శ్రావణంలో ఎర్రనీళ్లప్పుడు ఒకసారి, కార్తీకంలో తేటపడ్డాక ఒకసారి, ఎండలు ముదిరే ఫాల్గుణంలో ఒకసారి, అదే రేవు నుంచి చుక్క తెచ్చి పిల్లలకు చూపించండి. ముందే పేర్లు చెప్పకండి. మొన్న ఉన్నది ఇవాళ ఏది లేదో, ఇవాళ ఏది లెక్కకు మించి ఉందో వాళ్లనే రాసుకోనివ్వండి. ఇన్ని రకాలెందుకని ఎవడైనా అడిగితే వాడి పేరు గుర్తుపెట్టుకోండి. ఇంటర్ పరీక్షలో ఈ ప్రశ్నకు మార్కులు లేవు.